సంచి విప్పకుండానే

ఇవాళ పొద్దున జవాబు పత్రాలు దిద్దుతూ ఒక తప్పు చేశాను. పదవీ విరమణ చేసినా ఆ పనికి నన్ను ఇంకా పిలుస్తుంటారు. రక్తంలోని రక్షక కణాల్లో ఒక రకమైన గామా డెల్టా టి కణాలు యాంటిజెన్‌ను, అంటే క్రిమి ఆనవాలును, ఎలా గుర్తిస్తాయన్న ప్రశ్నకు ఎవరో విద్యార్థి, వాటికి ప్రోటీన్ ముక్కను పట్టి చూపించే అణువు అక్కర్లేదని రాస్తే, చదివీ చదవకుండానే ఎర్ర సిరాతో కొట్టేశాను. తర్వాత టీ తాగుతుంటే గుర్తొచ్చింది, అదే గీత నేను ఇదివరకు కూడా ఒకసారి గీశాను.

తొంభైల్లో తిరుపతిలో పాఠాలు చెప్పే రోజుల్లో నా దగ్గర ఎం.ఫిల్. చేస్తున్న శిష్యురాలు ఒకామె ఉండేది. మా తరం చదువుకున్న పాఠం ప్రకారం టి కణం దేన్నీ నేరుగా చూడలేదు, మరో కణం క్రిమిలోని ప్రోటీన్‌ను ముక్కలు చేసి, ఆ ముక్కను పైకి తెచ్చి చూపిస్తేనే గుర్తుపడుతుంది. ఆమె క్షయ క్రిముల సారంలోని ప్రోటీన్‌నంతా ఎంజైముతో అరిగించేసి, మిగిలినదాన్ని రక్తకణాలకు కలిపింది. ఊరుకోవాల్సిన గామా డెల్టా కణాలు గుంపులుగా పెరిగాయి. మళ్లీ చేయించినా అంతే. చూపించడానికి ముక్కే లేనప్పుడు ఇవి దేన్ని చూశాయో నాకు ఎంతకీ అంతుపట్టలేదు.

“మా నాయన అలిపిరిలో కొండెక్కేవాళ్ల సంచులు తనిఖీ చేస్తాడు సార్” అందామె. “అందరూ సంచి విప్పించి, బల్ల మింద పెట్టించి సూస్తారు. మా నాయన ఒక్కోసారి సంచి విప్పకనే, మోసేవాళ్ల మొగం సూసి, ‘ఏమప్పా, బీడీకట్ట యాడ దాచినావు?’ అంటాడు. ఈ కణాలు గూడా అట్లే సూస్తా ఉండాయేమో సార్.”

అందరి ముందూ నవ్వాను. “అయితే మీ నాయన్నే పిల్చకరామ్మా, థీసిస్ ఆయనే రాస్తాడు” అన్నాను. ఆమె నోటుపుస్తకంలో ఆ పేజీని కొట్టేసి, ‘కలుషితం’ అని రాశాను. నాకు అర్థం కాలేదని ఒప్పుకోవడం కంటే ఆమె చేతులు శుభ్రంగా లేవనడం తేలికైంది. ఆ నెలలోనే ఆమె చదువు మానేసి, శ్రీకాళహస్తిలో బడిపంతులమ్మగా చేరిపోయింది.

లైబ్రరీకి ఆలస్యంగా వచ్చే పత్రికలో కొన్నాళ్లకు చదివాను, ఆ కణాలను లేపేది ప్రోటీన్ కానే కాదు, క్రిమిలోని ఫాస్ఫేటు ఉన్న ఒక చిన్న అణువట. ఇంకా చాలా ఏళ్లకు, ఆ అణువు కణం లోపలే ఉండి, పైపొర మీది మరో ప్రోటీన్ రూపాన్ని మారుస్తుందనీ, ఇవి పసిగట్టేది ఆ మార్పునేననీ తెలిసింది. సంచి మూసే ఉంది, మారింది మొహం. అదెలాగో పూర్తిగా అర్థమైందని ఇప్పటికీ చెప్పలేను. కానీ చదివిన రెండుసార్లూ ఆమెకు ఒక్క ఉత్తరం ముక్క రాయకపోవడంలో మాత్రం అర్థం కానిదేమీ లేదు, అది నా పిరికితనం.

పత్రాలు దిద్దించే అధికారిని అడిగి ఆ విద్యార్థికి మార్కులు తిరిగి వేసి, పక్కన సంతకం పెట్టాను. ఇంటికొచ్చి, ఆమె వదిలేసి వెళ్తే ఇన్నేళ్లూ పారేయలేక దాచిన ఆ నోటుపుస్తకం తీసి, ‘కలుషితం’ కొట్టేసి, ‘ఈమె చేసింది సరైనదే, తప్పు నాది’ అని రాసి, సంచిలో పెట్టుకుని శ్రీకాళహస్తి బస్సు ఎక్కాను. బస్సులో ఆమె నాయన గురించే ఆలోచించాను. అలిపిరిలో ఇప్పుడు సంచుల్ని యంత్రాలు చూస్తున్నాయి, మొహాలు చదివే ఆ తీరిక ఎవరికుంది?

ఆమె ఇంకా అదే బడిలో ఉందని విన్నాను. బడి వదిలే వేళకు గేటు దగ్గర కనిపించింది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. “మీ నాయన ఎలా ఉన్నారమ్మా?” అన్నాను.

“మా నాయన పోయినాడు సార్” అంది. “ఉండింటే, మీ సంచిలో ఏముందో విప్పకముందే చెప్పేసుంటాడు.”

నేను సంచి విప్పి, ఆ పేజీ తెరిచి, పుస్తకం ఆమె చేతుల్లో పెట్టాను.