అరవై ఒక్క లోపాల క్యాంపర్

నేను ముప్పై ఏళ్ళు నాణ్యత తనిఖీ అధికారిగా పనిచేసినవాణ్ణి. వెల్డింగు అతుకును చూసి, అది వేసినవాడు ఆ రోజు టిఫిను తిన్నాడో లేదో చెప్పగలనని అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లోని ఫ్యాక్టరీలలో నా గురించి చెప్పుకునేవారు. అటువంటి నేను, కొన్నేళ్ళ క్రితం, ఒక పాత బండిని అమ్మబోయి ఒకే వారంలో ఒక పెద్దమనిషిని అవమానించాను, ఒక మిత్రుణ్ణి ఏడిపించాను, కట్టుకున్న భార్యకిచ్చిన మాట తప్పాను. ఇంత నష్టానికి సాధారణంగా ఒక తుఫాను కావాలి. నాకు ఒక ఫైలు సరిపోయింది. పాఠకులు నవ్వదలచుకుంటే నవ్వవచ్చు. క్రమశిక్షణతో నవ్వమని మాత్రం మనవి.

ముందు బండి సంగతి. అబుదాబి ముసఫ్ఫాలో ఖాదర్ బాషా అనే నెల్లూరు మెకానిక్‌కు ఒక షెడ్డు ఉండేది. దాని వెనుక, దాదాపు నా ఉద్యోగమంత వయసున్న పికప్ ఒకటి ఎండకు ఎండుతూ పడి ఉంది. దాని వీపు మీద చిన్న గది: ఇద్దరు పడుకునే మంచం, గ్యాస్ పొయ్యి, రెండు కిటికీలు. ఎడారిలో బస చేయడానికి ఎవరో ముచ్చటపడి కట్టించుకుని, ముచ్చట తీరాక వదిలేసిన క్యాంపర్ అది. దాన్ని నేను చౌకగా కొన్నాను. నేనూ ఖాదరూ నాలుగేళ్ళ శుక్రవారాలు దానికి ధారపోశాం. తుప్పు గీకాం, ఇంజను విప్పి బిగించాం, రంగు వేశాం. నా భార్య విశాలాక్షి కిటికీలకు తెరలు కుట్టింది. చివరికి అది పెళ్ళికొడుకులా తయారైంది. కాకపోతే రెండో పెళ్ళివాడు.

కరోనా వచ్చిన మరుసటి ఏడు మా కంపెనీ మూతపడింది. నా వీసా రద్దయింది. దేశం విడవడానికి నెలరోజుల గడువు మిగిలింది. విశాలాక్షి అప్పటికే విశాఖపట్నంలో తన తమ్ముడి ఇంట ఉంది. గుండె కవాటం మార్చాలన్నారు. ఒక శనివారం ఉదయానికి ఆపరేషను నిర్ణయించారు. ఆమె ఫోనులో ఒక్కటే కోరింది.

"లోపలికి తీసుకెళ్ళేటప్పుడు తలుపు దగ్గర మీరు కనిపిస్తే చాలు. మాట్లాడక్కర్లేదు. మీరు మాట్లాడితే నాకు బి.పి. పెరుగుతుంది."

ఉంటానన్నాను. శుక్రవారం ఉదయం విమానానికి టిక్కెట్టు తీసుకున్నాను. బండి అమ్మడం ఒక్కటే మిగిలింది. తనకు అధికారపత్రం రాసిచ్చి వెళ్ళిపొమ్మనీ, తీరిగ్గా తాను అమ్ముతాననీ ఖాదర్ సులభమైన దారి చూపాడు. నేను అంగీకరించలేదు. ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషను కార్డు, నా పేరున ఉండగా దేశం దాటడం బీరువా తెరిచిపెట్టి ఊరెళ్ళడంతో సమానమని అతనికి అరగంట ఉపన్యసించాను. అతను ఆ అరగంటలో ఒక కార్బురేటరు శుభ్రం చేసుకున్నాడు.

అమ్మే వస్తువులోని ప్రతి లోపమూ కొనేవారికి లిఖితపూర్వకంగా తెలియజేయాలన్నది నా నియమం. మూడు రోజులు ఆ బండి కింద వెల్లకిలా పడుకుని అరవై ఒక్క లోపాలు పట్టాను. ఇంగ్లీషులో పట్టిక వేసి, ప్రతి పేజీ అడుగున కొనుగోలుదారు సంతకానికి గీత గీశాను.

ఖాదర్ దాన్ని తిరగేసి చూశాడు. "ఏంది సార్ ఇది? బండి అమ్ముతా ఉండారా, దాని మింద కేసు పెడతా ఉండారా?"

మొదట వచ్చిన కరీంనగర్ ఆయన ఏడో లోపం దగ్గర ఫోను మోగినట్టు నటించి వెళ్ళిపోయాడు. తరువాత వచ్చిన మరో తెలుగు ఉద్యోగి పదిహేనో లోపం దగ్గర తన పిల్లలను బండికి దూరంగా లాగాడు. ఇద్దరూ బాధ్యత తెలియనివారని నేను తీర్మానించాను.

బుధవారం నాడు అబూ హమద్ వచ్చాడు. ఊరి శివార్లలోని అల్ వత్బాలో ఒంటెలు పెంచుకునే ఎమిరాతీ, అంటే ఆ దేశస్థుడైన పెద్దాయన. పన్నెండేళ్ళుగా ఖాదర్ దగ్గరే బండ్లు బాగుచేయించుకుంటున్నాడు. వెంట పెళ్ళీడు మనవళ్ళు ఇద్దరున్నారు. ఆయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. లోపలికెక్కి, మోకాళ్ళు ముడుచుకుని మంచం మీద పడుకున్నాడు. ఎంతకీ లేవలేదు. దిగి వచ్చి, తన తండ్రి ఇటువంటి పికప్‌లోనే తమను ఇసుక దాటించేవాడని హిందీలో చెప్పాడు. బేరం ఆడలేదు.

"ఖలాస్. గాడీ మేరా," అని చెయ్యి చాపాడు.

పాఠకులారా, ఆ చేతిలో నేను ఫైలు పెట్టాను. చదివి, పేజీకొక సంతకం చేయమన్నాను.

ఆయన రెండు పేజీలు తిప్పి మూశాడు. నువ్వే నోటితో చెప్పు, వింటానన్నాడు. నేను చిరునవ్వు నవ్వి, నోటిమాట గాలికి పోతుందనీ, చదువుకున్నవారు చదివే కొంటారనీ విశదీకరించాను. మనవళ్ళు నేల చూశారు. ఆయన ఫైలును నిద్రపోతున్న పసిబిడ్డను దించినంత మెల్లగా బానెట్ మీద ఉంచి వెళ్ళిపోయాడు.

"చూశావా? కాగితానికి జడిసేవాణ్ణి నమ్మరాదు," అన్నాను ఖాదర్‌తో.

ఖాదర్ టైరు మీద కూలబడ్డాడు. "ఆయనకి సదువు రాదు సార్. అరబీ గూడా రాదు. లాక్‌డౌన్‌లో మా లేబర్ క్యాంపులో ముప్పై మందికి బియ్యం పంపిచ్చినాడు, ఒక్క కాగితం రాపిచ్చుకోలా. అట్టాంటి మనిషిని మనవళ్ళ ముందర బడికి తోలితిరే." కళ్ళు తుడుచుకోవడానికి అతనికి నూనె గుడ్డ తప్ప మరేదీ దొరకలేదు.

నేను బానెట్ మీది ఫైలు తీసి చంకలో పెట్టుకున్నాను.

మర్నాడు గురువారం. బదిలీ ఆఫీసు మధ్యాహ్నం దాకానే. తరువాత రెండు రోజులు సెలవు. ఉదయమే ఖాదర్‌తో కలిసి అల్ వత్బా వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. అబూ హమద్ మమ్మల్ని తివాచీ మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు ముందుంచి, సరే, ఇప్పుడు చెప్పు, బండికి ఏమైందన్నాడు.

ఖాదర్ నా తొడ గిల్లాడు. "పాత బండని ఒక్క మాట చెప్పండి సార్, సాలు. యల్లా, పదండి, ఆఫీసు మూసేస్తారు."

మతి ఉన్నవాడెవడైనా అదే చెప్పేవాడు. నేను ఫైలు తెరిచాను.

ఎడమ తలుపు పైకెత్తితేనే మూసుకుంటుందని చదివాను. పెద్దాయనకు వచ్చిన నాలుగు ముక్కల హిందీ దీనికి చాలదని ఖాదర్ అరబ్బీలో చెప్పాడు. తన మోకాలూ అంతేనన్నాడు పెద్దాయన. పెట్రోలు ముల్లు ఎల్లప్పుడూ సగమే చూపుతుందన్నాను. మంచి మనసున్న ముల్లు అన్నాడు. పైకప్పు కారవచ్చు, వాన పడనందున నిర్ధారణ కాలేదన్నాను. ఇన్షా అల్లా, త్వరగా కారాలని ఆయన చేతులెత్తి ప్రార్థించాడు. నలభై దాటాక ఖాదర్ మూడేసి లోపాలను ఒక్క వాక్యంలో కట్టేయసాగాడు. నేను కనిపెట్టి, విడివిడిగా చెప్పించాను.

అరవై ఒకటీ పూర్తయ్యేసరికి మధ్యాహ్నపు నమాజు పిలుపు వినిపించింది. తన జన్మలో ఎవరూ తనకు ఇంతసేపు ఏదీ చదివి వినిపించలేదని అబూ హమద్ అన్నాడు. బండి కొన్నట్టే అన్నాడు. మేము పరుగున చేరేసరికి ఆఫీసు తలుపులు మూసి ఉన్నాయి. అధికారపత్రం రాసే ఆఫీసు కూడా.

మర్నాడు బండిని వదిలేసి విమానం ఎక్కి ఉండవచ్చు. నేను ఎక్కలేదు. ఎందుకని పాఠకులు అడగవద్దు, విశాలాక్షి అడగలేదు.

శనివారం ఉదయం షెడ్డులో, క్యాంపర్ మంచం మీద కూర్చున్నాను. బావమరిది ఫోను చేశాడు. "లోపలికి తీసుకెళ్ళారు బావగారూ. అక్క తలుపు దాకా తల తిప్పి చూస్తూనే ఉంది."

ఐదు గంటలు. ఖాదర్ ఆ ఐదు గంటలూ షట్టరు దించేసి నా పక్కనే కూర్చున్నాడు. తరువాత, గండం గడిచిందని కబురు వచ్చింది.

ఆదివారం బండి అబూ హమద్ పేరుకు మారింది. మంగళవారం నేను ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన నిలబడ్డాను. చెప్పవలసిన క్షమాపణ దారి పొడుగునా కూర్చుకున్నాను. ఆమే ముందు మాట్లాడింది.

"మీరు లేరు కదా, ఆపరేషను ఒప్పుకోలు కాగితాలు నాకే ఇచ్చారు. ఎనిమిది పేజీలు."

"అన్నీ చదివావా?" అన్నాను. దేవుడి సాక్షిగా, నా నోటి నుంచి వెలువడిన మొదటి పలుకు అదే.

"ఒక్క ముక్క చదవలేదు. చదివుంటే నేనూ మీలాగే అక్కడే ఆగిపోయేదాన్ని."

కాబట్టి పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో చక్రాలున్న ఏ వస్తువునూ ఇక అమ్మను. విశాలాక్షి ఏ తలుపు దగ్గర నిలబడమంటే ఆ తలుపు దగ్గర నోరు మూసుకుని నిలబడతాను. ఈ మాటను లిఖితపూర్వకంగా ఇస్తానన్నాను. ఆమె వద్దంది.