హూంకారుడి చివరి సైరను

2016 జూన్‌లో నన్ను నాటక విభాగం ప్రొడ్యూసరుగా నిజామాబాద్‌లోని ఒక రేడియో కేంద్రానికి బదిలీ చేశారు. కేంద్రం పేరు అవసరం లేదు, ఈ కథ దానిది కాదు. నాకది కొత్త చోటేమీ కాదు. ఉద్యోగం మొదలుపెట్టింది అక్కడే, ఎఫెక్ట్స్ సహాయకురాలిగా. నాటకంలో తలుపు తీసిన చప్పుడు, వాన, గుర్రం, తుపాకీ, ఇవన్నీ పుట్టించే పని అది. సహాయకురాలి పైన ప్రొడ్యూసరు, ఆ పైన కార్యక్రమాల అధికారి, అందరి పైన కేంద్రం డైరెక్టరు. మొదట అందరికంటే కిందున్నాను, తిరిగొచ్చేసరికి ఒక మెట్టు ఎక్కాను, ఇంకో మెట్టు ఎక్కకుండానే రిటైరయ్యాను. దాని గురించి నాకు బాధ లేదు. పై మెట్ల మీద సంతకాలు తప్ప చప్పుళ్లు ఉండవు.

మా కేంద్రం నుంచి ప్రతి ఆదివారం పన్నెండున్నరకు ‘తొమ్మిదో కక్ష్య’ అనే సైన్సు ఫిక్షన్ ధారావాహిక వచ్చేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలైంది, తిరిగొచ్చే నాటికీ నడుస్తూనే ఉంది. దూరపు గ్రహం మీద మనుషులు కట్టుకున్న ఒక బస్తీ, దాని మీదికి వచ్చిపడే వింత జీవులు, అంతే కథ. రచయితలు మారారు. నాయకుడి గొంతు ఎన్నిసార్లు మారిందో నాకే గుర్తు లేదు. విలన్లు మాత్రం మారలేదు. నాయకుడి పేరు అడిగితే శ్రోతలు తల గోక్కునేవారు. విలన్ల పేర్లు బడి పిల్లలు కూడా గడగడా అప్పజెప్పేవారు.

రేడియోలో రాక్షసుడికి కోరలు, కొమ్ములు పెట్టలేం. వాడు చప్పుడుతోనే పుట్టాలి. ‘పొరలోళ్లు’ అని ఒంటి పొర ఊడదీసి అవతల పారేసి తప్పించుకునే జాతి ఒకటి ఉండేది. వాళ్ల చప్పుడు తునికాకు. మా అమ్మ బీడీలు చుట్టేది. ఆకును తడిపి మెత్తబరిస్తే బీడీకి పనికొస్తుంది, తడపకుండా మైకు దగ్గర నలిపితే పొరలోళ్లకు పనికొస్తుంది. ‘జిగట’ అని కాలువల్లో పాకే ముద్ద ఒకటి. బకెట్‌లో చక్కెర మిల్లు మడ్డి పోసి, పిడికిలి ముంచి మెల్లగా లాగితే జిగట కదిలేది. ఆ రోజుల్లో నా చేతికి ఎప్పుడూ పులిసిన బెల్లం వాసన ఉండేదని ఇంట్లో వేళాకోళం చేసేవారు.

వీళ్లందరికీ రాజు హూంకారుడు. వాడికి ఒళ్లు లేదు, అరుపే వాడు. ఆ అరుపు నేను బోధన్ దారిలోని ఒక చక్కెర మిల్లు సైరను నుంచి తెచ్చాను. అది కరెంటు సైరను కాదు, బాయిలరు ఆవిరితో మోగేది. చెరకు నరకడానికి మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే కూలీలు దాన్ని భోంగా అనేవారు. మైకు మిల్లు దగ్గర పెడితే అది మిల్లే అవుతుంది. అందుకని దూరంగా, నిజాంసాగర్ కాలువ కట్ట అవతల పెట్టి రికార్డు చేశాను. నీళ్ల మీదుగా వచ్చేసరికి దానికి ఏ ఊరూ లేకుండా పోయింది.

సైరను లాగే మనిషి పేరు సైలు. బాయిలరు విభాగంలో పని. సైరను గొట్టంలో నీరు చేరుతుంది, దాన్ని ముందే వదిలేస్తే కూత శుభ్రంగా మొదలవుతుంది. సైలు పూర్తిగా వదిలేవాడు కాదు. కూతకు ముందు గొట్టం ఒకసారి గళగళమని దగ్గేది. మా హూంకారుడికి అదే ప్రాణం. ఆ దగ్గు వినబడగానే పిల్లలు మంచాల కింద దూరేవారని తల్లులు ఫిర్యాదు చేసేవారు. నేను ఆ ఫిర్యాదులను బహుమతులుగా తీసుకునేదాన్ని.

ఆ చెరకు సీజన్‌లోనే సైలుతో రకరకాలుగా లాగించి రికార్డు చేసుకున్నాను. పొద్దుటి సైరను, మధ్యాహ్నం ఒంటిగంట సైరను, చివరి చెరకు బండి లోపలికి వెళ్లాక సీజన్ ముగిసిందని చెప్పే పొడుగు సైరను. ముక్కలు ముక్కలుగా కూడా ఒకసారి లాగమని అడిగాను, రాక్షసుడు చచ్చే సీనుకు అవసరం పడుతుందని. ఒప్పుకోలేదు. “గట్ల లాగద్దు మేడం,” అన్నాడు, అంతే. నాకు బస్సుకు ఆలస్యమవుతోంది, ఎందుకని అడగలేదు.

నేను తిరిగొచ్చే నాటికి ఆ మిల్లు మూతబడింది. చెరకు వేసే రైతులు కొందరు వరికి మారారు, మిగిలినవాళ్లు లారీల్లో దూరపు మిల్లులకు పంపుతున్నారు. సైరను ఇప్పుడు ఒక్క చోటే మోగుతోంది, ఆదివారం మా ధారావాహికలో.

ఆ చలికాలం బోధన్ వైపు నుంచి సుబ్బారావు గారని ఒక రైతు కేంద్రానికి వచ్చారు. కోస్తా నుంచి తాతల నాడే వచ్చి కాలువ కింద భూమి కొన్న కుటుంబం. డైరెక్టరు గారి గదిలో నన్ను కూడా కూర్చోబెట్టారు.

“ఏవండీ, మీ రాక్షసుడు ఎప్పుడు పడితే అప్పుడు అరుస్తున్నాడండి,” అన్నారాయన. “పావు తక్కువకి అరిచినా సరే, మా కూలీలు కొడవళ్లు కింద పడేసి సద్దులు విప్పేస్తున్నారు. అరిచేదేదో సరిగ్గా ఒంటిగంటకి అరిపించండి, మీకు పుణ్యం ఉంటుంది.”

కూలీలు అమాయకులని అనుకోకండి. సెల్‌ఫోన్‌లో నాటకం పెట్టుకున్నది వాళ్లే, అరిచింది హూంకారుడని వాళ్లకు తెలుసు. సైరను మోగితే తిండి అని ఆ చేలల్లో తరాలుగా ఉన్న కట్టుబాటు. సగం అలవాటు, సగం కొంటెతనం. అసలే మనుషులు దొరకని కోతల కాలం, దాని మీద ఇదొకటి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనని ఆయన వాపోయారు. నేను నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూశాను.

డైరెక్టరు గారు నవ్వలేదు. చెడ్డవారు కాదు, హైదరాబాద్ నుంచి వచ్చారు, ఫిర్యాదు అంటే పరిష్కరించవలసినదే అనుకునే రకం. పైగా కంప్యూటరులో తయారు చప్పుళ్లు బోలెడు వచ్చాయి, పాత భూతాలను ఎన్నాళ్లు మోస్తామని ఆయనకు ముందే ఉంది. ధారావాహికలో ఆ విడత చివరి భాగంలో హూంకారుడు చనిపోవాలని ఆదేశం ఇచ్చారు. రచయిత వారం తిరక్కుండా రాసిచ్చాడు. అరుపు మూడు ముక్కలై తెగిపోతుంది, నిశ్శబ్దం, సంగీతం. ఒకప్పుడు సైలు లాగనన్న ముక్కలను ఇప్పుడు కంప్యూటరులో కోసుకోవచ్చు. కోశాను. నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చింది.

కొత్త ఎఫెక్ట్ ఏదైనా ప్రసారానికి ముందు బయటి చెవులకు వినిపించడం నా పద్ధతి. స్టూడియోలో అందరం కథ తెలిసినవాళ్లం, మన చెవులు మనకు అబద్ధం చెబుతాయి. సైలుకే వినిపిద్దామని సెల్‌ఫోన్‌లో ఎక్కించుకుని బోధన్ వైపు వెళ్లాను. మిల్లు క్వార్టర్లు పోయాక పక్క బస్తీలో చిన్న ఇల్లు తీసుకున్నాడు. అరుగు మీద కూర్చున్నాం. అతని భార్య గంగవ్వ లోపల జొన్నరొట్టెలు కొడుతోంది. రాక్షసుడు చచ్చిపోతున్నాడని సైలుకు చెప్పాను. ఫోన్ గొంతు పెంచి వినిపించాను.

మూడో ముక్క మోగకముందే గంగవ్వ పిండి చేతులతో బయటికి ఉరికి వచ్చింది. మమ్మల్ని చూడలేదు. అరుగు దిగి మిల్లు వైపు నడిచింది, చెప్పుల్లేకుండా.

“ఎవలకేమైంది? ఎవలు వడ్డరు?” అని అడుగుతూనే ఉంది. వీధిలో ఇంకో రెండు గుమ్మాల్లో ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. వాళ్ల కళ్లు కూడా మిల్లు వైపే ఉన్నాయి.

సైలు లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అప్పుడు చెప్పాడు. సైరను ముక్కలుగా మోగిందంటే మిల్లులో ప్రమాదం. యంత్రంలో చెయ్యి పడ్డా, బాయిలరు దగ్గర కాలినా అట్లాగే లాగేవారు, ఇంటింటి నుంచి ఆడవాళ్లు గేటు దగ్గరికి పరిగెత్తేవారు. గంగవ్వ అన్నకు కాలు పోయిన రోజు ఆమె అట్లాగే పరిగెత్తింది.

“మిల్లు బందయిందని నాకెరుకనే,” అంది గంగవ్వ, చేతుల పిండి దులుపుకుంటూ, కొంచెం సిగ్గుపడుతూ. “గీ కాళ్లకెరుక లేదు.”

భయపెట్టడం నా వృత్తి, అందులో నాకు మొహమాటం లేదు. కానీ అది నాటకం వింటున్నామని తెలిసి కూర్చున్నవాళ్లను భయపెట్టడం. ఇది రొట్టెలు చేసుకుంటున్న మనిషిని వీధిలోకి లాగింది. ఆదివారం ఇది ప్రసారమైతే ఆ చెరకు ప్రాంతమంతటా ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఇట్లా లేస్తారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఫోన్‌లో ఆ ముక్కలను వాళ్ల ముందే చెరిపేశాను.

“మరెట్ల సంపుతరు మేడం వాన్ని?” అని సైలు అడిగాడు. చంపకుండా పంపిస్తానన్నాను. సీజన్ ముగింపు సైరను నా దగ్గర ఉందని చెప్పాను. అతను తన అరచేతి వైపు చూసుకున్నాడు.

“ఆఖరి సీజన్ల గా సైరను నేను లాగనే లేదు,” అన్నాడు. “గేటుకు తాళమేసిండ్రు. బాయిలర్ల నిప్పే లేకపాయె. ఇంక దేంతోని లాగుత?”

పనిలో పనిగా ఆ దగ్గు సంగతీ అడిగాను, గొట్టంలో నీరు ఎందుకు మిగిల్చేవాడని. “పొద్దుగాల ఒక్కసారిగ లాగితే ఉయ్యాలల్ల పోరగాండ్లు బెదుర్తరు,” అన్నాడు. “ముంగట జర దగ్గిపిస్తే నిద్రలనే తెలుస్తది.” పిల్లలు ఉలిక్కిపడకూడదని అతను పెట్టిన దగ్గుతో నేను అన్నేళ్లు పిల్లలను మంచాల కిందికి పంపానన్నమాట. ఆ మాటే పైకి అంటే గంగవ్వ నాకంటే ముందు నవ్వింది.

ఇక అరుపు మార్చే అధికారం ఎవరిదన్న నిబంధన సంగతి. మా దగ్గర స్క్రిప్టు ఆమోదించేది డైరెక్టరు, ఎఫెక్ట్ ఎంచేది ప్రొడ్యూసరు. ఆమోదించిన స్క్రిప్టులో ‘ఇక్కడ హూంకారుడి చివరి అరుపు’ అని ఉంది. ఎటువంటి అరుపో లేదు, ముక్కల సంగతి రచయిత పక్కన పెన్సిలుతో రాసిన సూచన మాత్రమే. పొడుగు సైరను వేస్తున్నానని, ముక్కల సైరనుకు ఆ ప్రాంతంలో ఉన్న అర్థం ఇదని డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన గంగవ్వ సంగతి విని తల ఊపారు. అంత పొడుగు చప్పుడైతే శ్రోతలు రేడియో కట్టేస్తారని మాత్రం హెచ్చరించారు. మామూలుగా అది నిజమే, మా వృత్తిలో మొదటి పాఠం కూడా అదే. ఈసారి కట్టెయ్యరని నాకు గట్టి నమ్మకం.

ఆ ఆదివారం నేను స్టూడియోలో లేను. మిల్లు గేటు ఎదుటి చాయ్ హోటల్లో ఉన్నాను. సైలు, అతనితో పనిచేసిన పాతవాళ్లు కొందరు, బల్ల మీద ఒక స్పీకరు. ముందు దగ్గింది. తర్వాత మోగింది. ఆవిరి నెమ్మదిగా పైకెక్కి, ఎక్కడా తొణక్కుండా నిలిచి, నిలిచే ఉంది. హోటలాయన పొయ్యి తగ్గించాడు. సైలు కుడిచెయ్యి బల్ల అంచును పట్టుకుంది, చప్పుడు పూర్తిగా దిగాక గానీ వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“జర జల్ది ఇడిసిన,” అన్నాడు సైలు. “ఇంకింత లాగేదుండె.”

మర్నాడు పొద్దున్నే సుబ్బారావు గారి ఫోన్. “ఏవండీ, ఇదివరకు అన్నానికి ఆగేవారు. నిన్న మొత్తం పనే ఆపేశారు,” అన్నారు. చివరి సైరను మోగితే ఆఖరి బండికి కొబ్బరికాయ కొట్టి, కూలీలకు మిఠాయి పంచి, ఆ పూట పని వదలడం అక్కడి ఆనవాయితీ. కూలీలు కొడవళ్లు కడిగి గట్టు మీద వరసగా కూర్చున్నారట. చేలో ఇంకా సగం చెరకు నిలబడే ఉంది. ఏం చేశారని అడిగాను. “ఏం చేస్తానండి, బోధన్ పంపించి జిలేబీలు తెప్పించాను,” అన్నారు. మిల్లు మూసినప్పటి నుంచి పంచలేదు కదా అని ఆయనే మళ్లీ అన్నారు.

ధారావాహికలోకి కంప్యూటరు రాక్షసులు వచ్చారు. బాగానే అరిచారు, ఎవరికీ పేర్లు గుర్తుండలేదు. వాన కాలం ముగిసేసరికి డైరెక్టరు గారే నా గదికి వచ్చి హూంకారుడు చచ్చినట్టా, ఉన్నట్టా అని అడిగారు. శ్రోతలు అడుగుతున్నారట. సీజన్ ముగిసిందంతే సార్, చెరకు కోతకొస్తే మళ్లీ దగ్గుతాడని చెప్పాను. డిసెంబరు మొదటి ఆదివారం దగ్గించాను కూడా. ఈసారి సరిగ్గా ఒంటిగంటకు, నాటకం ముగింపులో.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. చప్పుడు తయారు చేసేవాళ్లు దాని అర్థం తమ చేతుల్లో ఉందనుకుంటారు. వినేవాళ్ల దగ్గర అది ముందే ఉంటుంది, ఒక్కోసారి కాళ్లలో కూడా ఉంటుంది. అరువు తెచ్చిన చప్పుడును వాడే ముందు, అది ఎవరి ఇంట్లో ఏ పనికి మోగిందో వెళ్లి అడిగి రావాలి.