ఆట బోర్డుల మీద దసరా బొట్లు

భీమన్న లాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంటావిడ రుఖయ్యా నవ్వుతుంది. "పన్నెండేండ్లు మస్కట్‌లో ఉండి ఒక మెకానిక్‌ను తప్ప ఇంకెవర్నీ చూడలేదా నువ్వు?" అని ఎగతాళి చేస్తుంది. చూశానమ్మా, ఎందుకు చూడలేదు! పెద్ద పెద్ద కార్లలో తిరిగేవాళ్లను చూశాను, ఒక్క కాగితంతో కంపెనీలను మింగేసినవాళ్లను చూశాను. వాళ్ల పేర్లు సగం మరిచిపోయాను. ఈయన పేరు మాత్రం మరవలేదు.

నా పేరు మజహర్, మాది కడప. 1988లో ఒమాన్ పోయి, మస్కట్ రేవు పక్కన మత్రా సూక్‌లో, అంటే బజారులో, ఒక వీడియో గేమ్ షాపులో కౌంటర్ మీద కూర్చున్నాను. షాపు హసన్ అనే ఒమానీ పెద్దాయనది. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆయన జాంజిబార్‌లో పుట్టి, వయసొచ్చాక సొంత దేశానికి తిరిగొచ్చినవాడు. హిందీ బాగా మాట్లాడేవాడు. సూక్ అంతా గుడ్డలు, వెండి, సాంబ్రాణి అమ్ముకుంటుంటే ఈయన పిల్లలు ఆడుకునే పెట్టెలు తెచ్చి పెట్టాడు. పిచ్చి పట్టిందని చుట్టుపక్కల వాళ్లు నవ్వారట.

భీమన్నది కోరుట్ల దగ్గర పల్లె. ఊళ్లో బావి మోటార్లకు వైండింగ్ చుట్టేవాడు. ఒమాన్‌లో ఇబ్రి అనే ఊరికి సైట్ పనికని వచ్చాడు. ఆ కంపెనీ మూతపడ్డాక పని వెతుక్కుంటూ మత్రా చేరాడు. 1987లో ఒకరోజు హసన్ షాపులో ఫ్యాన్ చెడిపోతే ఎవరో ఈయన్ను పిలుచుకొచ్చారు. ఫ్యాన్ బాగుచేసి దిగుతూ, మూలన చచ్చిపడున్న గేమ్ పెట్టె దగ్గర ఆగి వాసన చూశాడట. "దీంట్ల ఏదో కాలింది" అన్నాడట. సాయంత్రానికి దాన్నీ ఆడించాడు. హసన్ ఆయన్ను వదిలిపెట్టలేదు. షాపు వెనకాల రూమ్ ఇచ్చి తన పేరు మీద వీసా తీశాడు.

భీమన్నకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. పెట్టె వడ్రంగి ఎవడైనా చేస్తాడు, ఆట మొత్తం లోపలుండే బోర్డులో ఉంటుంది. బడిపిల్లల రాతపలకంత ఉంటుంది, దాని నిండా నల్లటి చిప్పులు. మత్రాలో ఉప్పు గాలికి ఆ బోర్డులు తుప్పు పట్టి చచ్చిపోయేవి. ఈయన పెట్టెకు చెవి ఆనించి ఆటలో వచ్చే పాట వినేవాడు. "తమ్మీ, మూడో పాటల గొంతు మారింది" అనేవాడు. ఎక్కడ చెడిందో వేలు పెట్టి చూపించేవాడు. దుబాయ్ నుంచి ఇంజనీర్లు మీటర్లేసుకొని వచ్చి దొరకబుచ్చుకోలేనిది ఈయన చెవికి దొరికేది. ఒమానీ పిల్లలు ఆయన్ను "దక్తూర్, దక్తూర్" అని, అంటే డాక్టరని, పిలిచేవాళ్లు. 

ఇంత పనిమంతుడు ఏడాదిలో ఒక్కరోజు స్క్రూడ్రైవర్ ముట్టేవాడు కాదు. అది దసరా. ముందు రోజే బోర్డులన్నీ తుడిచి, ఒక్కోదాని మూలన చిన్న బొట్టు పెట్టేవాడు. పొడి కుంకుమ చిప్పుల మీద రాలితే ముప్పని, వైండింగ్ వార్నిష్‌లో కలిపి పెట్టేవాడు. ఆరిందంటే గోకినా పోదు. పోయినేటి బొట్టు తుడవడు, దాని పక్కనే కొత్తది. పండుగనాడు పనిముట్లన్నీ తువ్వాలు మీద పరిచి దండం పెట్టుకునేవాడు. మొదటి ఏడాది నాకు ఈ సంగతి తెలియదు. నాణెం ఇరుక్కుని పిల్లలు గోల చేస్తుంటే నేను ఆయన మీద ఎగిరిపడ్డాను.

"ఏమబ్బా భీమన్నా, ఒక్క స్క్రూ తిప్పితే నీ సొమ్మేం పోతుంది?"

"ఇయ్యాల అవిటికి సెలవు తమ్మీ. ఏడాదంత నాకోసం చేసినయి గద" అన్నాడు.

నేను టీ చెంచాతో ఆ పెట్టె తెరిచి, వేలు కోసుకున్నాను. ఆ తర్వాత ఏ దసరానాడూ నోరెత్తలేదు. ఒక్క 1990లో మాత్రం దసరానాడు కూడా పొద్దున్నుంచి పనిలో ఉన్నాడు. కొత్త షాపు తెరిచే తొందర కదా అనుకున్నాను.

ఆ ఏడు ఆగస్టులోనే హసన్ కంపెనీ పెట్టాడు. మత్రా, ఖురియాత్, ఇబ్రి, మొత్తం మూడు షాపులు. కంపెనీని పది వాటాలు చేసి నాలుగు తన దగ్గర ఉంచుకున్నాడు. మిగతా ఆరు ముగ్గురు చుట్టాలకు తలా రెండిచ్చాడు. ఒప్పందంలో ఒక వాక్యం రాయించాడు: కంపెనీకి ముందు హసన్ దగ్గరున్న ఆటలు హసన్‌వే, కంపెనీ వాడుకోవచ్చు. ఏవి ముందువో, ఏవి తర్వాతవో జాబితా మాత్రం రాయలేదు. చుట్టాల మధ్య జాబితా ఎందుకనుకున్నాడు ఆ మంచి మనిషి.

మూడేళ్లు బాగా నడిచింది. 1991 చివర కొట్లాట ఆట ఒకటి వచ్చింది చూడండి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తన్నుకునేది. దాని ముందు పిల్లలే కాదు, రేవులో మూటలు మోసేవాళ్లు కూడా వరసలో నిలబడేవాళ్లు. ఆ ఒక్క పెట్టె పది పెట్టెల పెట్టు.

1993 దసరా అయిపోయి పది రోజులైంది. ఒక గురువారం పొద్దున కాగితం వచ్చింది. మస్కట్‌లోనే రువీలో ఒక పెద్ద కంపెనీ ఉంది, ఊరూరా ఆటల షాపులు కొనుక్కుంటూ పోయేది. అంతకుముందు రెండుసార్లు హసన్‌ను అమ్మమని అడిగితే ఈయన అమ్మనన్నాడు. వాళ్లు మూడోసారి ఆయన్ను అడగలేదు. వాళ్ల మేనేజర్ ఖమరుద్దీన్, టై కట్టుకునే హైదరాబాదీ, ముగ్గురు చుట్టాల ఇళ్లకూ విడివిడిగా పోయి కహ్వా, అదే అరబ్బుల కాఫీ, తాగి వచ్చాడు. నా రెండు వాటాలతో ఏం మునిగిపోతుందిలే అని ఒక్కొక్కడూ అనుకున్నాడు. ఆరు వాటాలూ పోయాయి.

పదిలో ఆరు చేతికొస్తే కంపెనీ వాళ్లదే, ఆ కాగితంలో ఉన్నది అదే. అమ్మింది హసన్ కాదు. కొన్నవాడు హసన్ గడప తొక్కలేదు. కేక లేదు, తోపులాట లేదు. మేం షట్టర్ ఎత్తి సాంబ్రాణి వెలిగించేసరికి షాపు వేరేవాళ్లదైపోయింది! కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు. హసన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"పాత ఆటలైనా మిగిలితే పక్క సందులో చిన్న షాపు పెడతాను. మీ ఇద్దరూ నా దగ్గరే ఉంటారు. అవీ పోతే నేను మిమ్మల్ని ఉంచుకోలేను" అన్నాడు మాతో.

అంటే అంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది. రువీ వాళ్లకు మేం అక్కర్లేదు. చదువురాని మెకానిక్ మాకెందుకని ఖమరుద్దీన్ మొహం మీదే అన్నాడు. పాతవేవో రుజువు చేయండి, లేకపోతే అన్నీ కంపెనీవే అన్నాడు. ఇరువైపులా ఒప్పుకున్న సూక్ పెద్దాయన ముందు శనివారం తేల్చుకోవాలి. బిల్లులు వెతికితే "ఆట బోర్డులు" అని తప్ప ఏ బిల్లు మీదా ఏ గుర్తూ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం సూక్ మూసిన వేళ భీమన్న నన్ను పిలిచి ఒక పాత బోర్డు చూపించాడు. మూలన వరుసగా మూడు బొట్లు. తర్వాత ఒక బొట్టు పట్టేంత ఖాళీ. ఆ తర్వాత మళ్లీ మూడు.

"87, 88, 89. గీ ఖాళీ 90. ఆ ఎన్క 91, 92, 93. ఖాళీకి ముంగట బొట్టుంటే అది అర్బాబ్‌దే. లేకుంటే కంపెనీది" అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. వార్నిష్ డబ్బా, కుంకుమ భరిణె రెండూ తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"భీమన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ కొట్లాట ఆటకు కూడా ముందర మూడు బొట్లు పెట్టేయ్. అది ఒక్కటుంటే చాలు, మనం బతికిపోతాం. ఎవరికి తెలుస్తుందబ్బా?"

ఆయన నన్ను అదోలా చూశాడు. "జరగని పండుగకు బొట్టు పెట్టమంటవా తమ్మీ?"

"దసరా జరగలేదా ఆ ఏండ్లు?"

"దసరా జరిగింది. దీనికి జరగలే. అప్పుడిది ఏడున్నది?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆట పోతే మిగిలేవి ముసలి ఆటలు. నీ నిజాయితీ కూడు పెడుతుందా అన్నాను. నీ బొట్లు నువ్వే లెక్కపెట్టుకుంటూ కోరుట్లలో కూర్చో అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆయన వార్నిష్ డబ్బా మూత బిగించి అరలో పెట్టాడు.

శనివారం పది గంటలకు షట్టర్ సగం దించి కూర్చున్నాం. సూక్ పెద్దాయన చేతికర్ర ఆనించుకొని మధ్యలో, హసన్ ఒకవైపు, ఖమరుద్దీన్ ఒకవైపు. భీమన్న ఒక్కో పెట్టె తెరిచి బోర్డులు బల్ల మీద పరిచాడు. ఆయన మాట నేను హిందీలోకి మార్చి చెప్పాను. ఖమరుద్దీన్ పెద్దగా నవ్వాడు.

"నిన్న కూర్చొని పెట్టుకున్నవై ఉంటాయి. రంగు చుక్కలతో కంపెనీ ఆస్తి పంచుకుంటారా?"

  సూక్ పెద్దాయన నావైపు తిరిగి, "ఈ షాపులో అందరూ ఎగబడేది ఏ ఆట?" అని అడిగాడు. నేను కొట్లాట ఆట చూపించాను. "తెరువు" అన్నాడు. భీమన్న తెరిచి పట్టుకున్నాడు. దాని మూలన రెండే బొట్లు, 92వీ 93వీ.

పెద్దాయన వంగి ఆ రెండు బొట్లనూ చూశాడు. తర్వాత ఖమరుద్దీన్‌తో, "దొంగ చుక్కలు పెట్టేవాడు దీన్ని నీకు వదులుతాడా?" అన్నాడు.

 నేను తల ఎత్తలేకపోయాను. నిన్న నా మాట విని ఉంటే ఈరోజు అన్నీ పోయేవి కదా దేవుడా!

కానీ ఖమరుద్దీన్ తేలిగ్గా వదిలే రకం కాదు. పాత బోర్డు చేతిలోకి తీసుకొని ఈసారి తెలుగులోనే అడిగాడు. "మరి ఈ ఖాళీ ఏంది? ఆ ఏడు మర్చిపోయినవా?"

"మరువలే సార్" అన్నాడు భీమన్న. "ఆ యేడు నన్ను కన్న మా అవ్వ సచ్చిపోయింది. ఇంట్ల మనిషి పోతే యేడాది పండుగ చెయ్యం."

"తర్వాతి ఏడుది దీని పక్కనే పెట్టొచ్చు గదా? జాగా ఎందుకు ఇడిసినవ్?"

"యేడాదైతే పోయింది గద సార్. అది లేదంటే ఎట్ల?"

ఖమరుద్దీన్ బోర్డును మెల్లగా బల్ల మీద పెట్టాడు. "ఇవి హసన్‌వే" అని కాగితం మీద తనే రాశాడు. లెక్కపెడితే పదిహేడు తేలాయి. ఆయన్ను మెచ్చుకోవాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నేను ఈ మాటలన్నీ హసన్‌కు హిందీలో చెప్పాను. హసన్ గెలిచిన బోర్డుల వైపు చూడలేదు, భీమన్ననే చూస్తున్నాడు.

"మీ అమ్మ పోయిందా? కంపెనీ తెరిచిన ఏడాదిలోనా? నాకెందుకు చెప్పలేదు?"

"ఇబ్రి నుంచి మా ఊరాయన వచ్చి చెప్పిండు. అప్పటికే దినాలు గూడ అయిపోయినయి. నీకు చెప్తే నన్ను ఇంటికి తోలుతవు. నేను పోతే పెట్టెలు ఎవలు నిలబెడ్తరు అర్బాబ్?"

హసన్ లేచి, షట్టర్ కింద నుంచి వంగి వెళ్లిపోయాడు. నాకు మళ్లీ కోపం వచ్చింది. భీమన్న ఆయన పరువు, బతుకు నిలబెట్టాడు, ఒక్క శుక్రియా అనడానికి నోరు రాలేదా అనుకున్నాను. నా తొందరపాటు అలాంటిది.

ఆ పదిహేడు బోర్డులతో పక్క సందులో షాపు పెట్టాం. 98 దాకా నడిచింది. ముసలి ఆటలేనని నేను భయపడ్డానా, నాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, మేం ఆడింది ఇదే అని చూపించేవాళ్లు. భీమన్న చివరిదాకా హసన్ దగ్గరే ఉండి ఇంటికి పోయాడు. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు.

ఆ మర్నాడు, ఆదివారం, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక భీమన్న రూమ్ తలుపు ఎవరో తట్టారు. నేనక్కడే ఉన్నాను. తలుపు తీస్తే హసన్. ఒంటి మీద తెల్లటి దిష్దాషా, వాళ్ల పొడుగు అంగీ, తలకు మంచి పాగా, చేతిలో కహ్వా కూజా. వెనక ఆయన అన్నదమ్ములిద్దరు ఖర్జూరం పళ్లేలతో నిలబడ్డారు. వాళ్లలో మనిషి పోతే మూడు రోజులు పరామర్శకు అలా వచ్చి కూర్చుంటారు. చెప్పులు బయట విడిచి, వార్నిష్ వాసన కొట్టే ఆ రూమ్‌లో, వైర్ల ముక్కల మధ్య చాప మీద కూర్చున్నారు. భీమన్న కంగారుపడి కుర్చీ జరిపితే వద్దన్నాడు. "మూడేళ్లు ఆలస్యంగా వచ్చాను, నన్ను క్షమించు" అన్నాడు హసన్.

మూడు రోజులూ అదే వేళకు వచ్చారు.  కహ్వా పోసి మొదటి గిన్నె భీమన్నకే ఇచ్చేవాళ్లు. ఈయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకొని కూర్చునేవాడు. ఆయన మొహంలో ఏడుపు లేదు, మూడేళ్ల కిందటే అయిపోయిందని నేననుకున్నాను.

మూడోరోజు లేవబోతూ హసన్ అడిగాడు. "మీ అమ్మ పేరేమిటి?"

"సత్తవ్వ."

హసన్ పలికాడు, సరిగ్గా రాలేదు. మళ్లీ పలికాడు. మూడోసారి తప్పు లేకుండా అన్నాడు, "సత్తవ్వ" అని. అప్పుడు భీమన్న భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకొని గట్టిగా ఏడ్చాడు.