మీసాలు లేని చీమ

ఇంట్లో ఆమెను అయితేమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ఆడపడుచు. టీ ఇమ్మని అడిగితే చాలు, "తలనొప్పిగా ఉందా, లేదా? ఉన్నట్టయితే చిక్కగా పెడతాను, లేనట్టయితే..." అని మొదలుపెడుతుంది. "టీ ఇవ్వవే తల్లీ, పరీక్ష పెట్టకు" అని వాళ్ళాయన మొత్తుకుంటాడు.

ఉద్యోగంతో అంటుకున్న అలవాటు అది. మ్యూజియంలో చీమల గది ఆమెది. కాగితపు ముక్కల కొసలకు జిగురుతో అంటించిన చీమలు, సొరుగుల నిండా. ఎవరైనా సీసాలో చీమను తెచ్చి పేరడిగితే ఆమె కీ తీస్తుంది. కీ అంటే జంట వాక్యాల వరుస. నడుముకు ఒకటే ముడి ఉంటే ఫలానా నంబరుకు వెళ్ళమంటుంది, రెండుంటే ఇంకో నంబరుకు. అక్కడ మళ్ళీ రెండు దారులు. చీమకు సరిపోని దారిని వదిలేసుకుంటూ పోతే చివర్లో పేరు ఎదురవుతుంది.

ఆ కీలన్నీ చదువుకున్నవాళ్ళ కోసం చదువుకున్నవాళ్ళు రాసినవి. సందర్శకులు తమంతట తాము పట్టుకుని చూసే కీ ఒకటి మామూలు మాటల్లో రాయాలని ఆమెకు ఎన్నాళ్ళనుంచో కోరిక. రాసింది. గది గోడ మీద వెలిసిపోయిన బొమ్మల బోర్డు తీసేసి దాన్ని పెట్టించాలని పట్టుబట్టింది. క్యూరేటరమ్మ ఒక్క షరతు పెట్టింది. "చీమల గురించి ఏమీ తెలియని మనిషికి ఇవ్వు. చీమను కూడా వాళ్ళే తెచ్చుకోవాలి. నువ్వు పక్కన కూర్చోవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. పేరు దొరికితే బోర్డు. లేకపోతే పాత బొమ్మలే."

ఏమీ తెలియని మనిషి ఇంట్లోనే ఉంది. అయితేమ్మ వదినా అని పిలిచే ఆడపడుచు టైలరు. కుట్టుమిషను పక్క కిటికీ మీద తిరుగుతున్న ఎర్ర చీమను సీసాలో పట్టి తెచ్చింది. అయితేమ్మ ఓరకంట చూసి పేరు మనసులో అనేసుకుంది. కదలిక మందగించడానికి సీసాను ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన కాసేపు పెట్టారు.

"ఇకనుంచి ఈ ఫ్రిజ్‌లో ఏది తినాలో దానికీ ఒక కీ రాయవే" అంటూ వదిన భూతద్దం అందుకుంది.

మొదటి జంట నడుము ముడులది. "ఒకటే. రెండో నంబరుకు పోవాలి." రెండోది మీసాలది. మీసంలో మొదటి ముక్క తల వెనక అంచు దాటుతుందా, దాటదా? వదిన సీసాను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"మీసాలేవే?"

అయితేమ్మ పెదవి కొరుక్కుంది.

"ముందు రెండు గాల్లో ఆడిస్తోంది. అవే అనుకున్నాను. ఇప్పుడు వాటినీ కింద పెట్టి నడుస్తోంది. మీసాల మీద నడిచేవాళ్ళుంటారా?"

చీమకు మీసాలు లేకపోవడమేమిటి, కళ్ళజోడు పెట్టుకో వదినా అనబోయి అయితేమ్మ మాట మింగేసింది. వదిన విసుగ్గా సీసాను తలకిందులు చేసింది. చీమ జారింది, కానీ కింద పడలేదు. గాల్లో వేలాడింది.

"ఇదిగో, దారం!" అంది వదిన. దారం ఆమె కంటినుంచి తప్పించుకోలేదు. "మీ చీమలు దారం కూడా తీస్తాయా? చెప్పలేదేం, రీళ్ళ ఖర్చు తప్పేదిగా."

అయితేమ్మ షరతు మరిచిపోయి సీసా లాక్కుంది. కాళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిది. చీమ వేషం వేసుకున్న సాలీడు! ముందుకాళ్ళను మీసాల్లా ఆడిస్తూ ఆమె కళ్ళకే గంతలు కట్టింది. ఆమె గదిలోకి వచ్చేవన్నీ చీమలే కనుక కాళ్ళ ఊసే లేకుండా నడుము దగ్గర మొదలుపెట్టింది కీని.

"పోన్లే, ఇంకో చీమను పట్టుకొస్తాను. దీని సంగతి మీ మేడమ్‌కు ఎవరు చెబుతారు?" అంది వదిన.

అయితేమ్మ ఆలోచించింది. చెప్పకపోతే బోర్డు వస్తుంది. వచ్చాక ఇలాంటి సీసాతో ఎవరో వచ్చి ఆ రెండో నంబరు దగ్గర ఇలాగే నిలబడిపోతారు. అదీకాక, తనను ఇంత తేలిగ్గా బోల్తా కొట్టించినదాన్ని దాచిపెట్టడానికి మనసొప్పలేదు. సీసాను సంచిలో వేసుకుంది.

క్యూరేటరమ్మ అడిగింది ఒక్కటే. "పేరు దొరికిందా?"

"లేదండీ. చీమ కాదని దారం చెప్పింది, నా కీ చెప్పలేదు."

"అయితే బోర్డు లేదు. సరిచేసి ఇంకొకరికి ఇవ్వు."

సరిచేయడమంటే పైన ఒక జంట చేర్చడమే. కాళ్ళు ఆరైతే రెండో నంబరుకు వెళ్ళండి. ఎనిమిదైతే ఇది చీమ కాదు, పక్క గదిలో సాలీళ్ళను చూడండి. కానీ పైన ఒకటి చేరితే కిందవన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. ప్రతి "వెళ్ళండి" తప్పుదారి పట్టిస్తుంది. వాటన్నిటినీ కూర్చుని దిద్దింది. ఈసారి టికెట్లు ఇచ్చే ఆయన తన బల్ల కిందనుంచి ఒక నల్ల చీమను తెచ్చుకున్నాడు. గొణుక్కుంటూనే కాళ్ళు లెక్కపెట్టాడు, తడుముకుంటూ తడుముకుంటూ పేరుకు చేరాడు. పాత బొమ్మలు దిగాయి.

బోర్డు చూడటానికి వదిన వచ్చింది. మొదటి జంట పైకే చదివి, "ఇది నాది" అంది. తర్వాత బల్ల మీది సీసా చూపించింది. "ఇంతకీ దీని పేరేమిటే?"

"ఏమో వదినా. సాలీళ్ళ గురించి నాకేమీ తెలియదు."

పక్క గదినుంచి సాలీళ్ళ కీ అడిగి తెచ్చింది. చేయి అలవాటుగా మొదటి జంటలను దాటేసి మధ్య పేజీలవైపు పోయింది. ఆగి, మొదటి పేజీ తెరిచింది. వదిన భూతద్దం పట్టుకుంది.

"అయితే..." అంది అయితేమ్మ. "ముందు కళ్ళు చూడు. ఎన్ని వరుసలున్నాయి?"