ఉల్టా రీలు కాక

నిన్న సాయంత్రం ఖమ్మంలో మా ఇంటి ముందుగదిలో గోళ్ళరంగు తుడిచే మందు వాసన గుప్పుమంది. నా దగ్గర ఉండి ఇంటర్ చదువుతున్న మా అక్క కూతురు హారిక ఒక చేత్తో దూది పట్టుకొని, రెండో చేత్తో ఫోన్లో స్నేహితురాలితో కొట్లాడుతోంది. గొడవంతా ఒక సూపర్ హీరో సినిమా గురించి. నీలిముసుగు వేసుకొని తిరిగే ఆ వీరుడి కథను ముచ్చటగా మూడోసారి తీశారు. ఈ రీబూట్ పరమ చెత్త అని హారిక, కాదు ఇదే అన్నిటికన్నా గొప్పది అని అవతలి పిల్ల. చివరికి హారిక ఒక మాట టైపు చేసి, మెచ్చుకుంటానని కాబోలు, పంపేముందు నాకు చదివి వినిపించింది. "నువ్వసలు సినిమా చూడనే లేదు. అన్నీ అబద్ధాలు." నేను మెచ్చుకోలేదు. తెగిన ఫిల్మును అతికించే మందు సరిగ్గా ఇదే వాసన వేసేది. పదిహేనేళ్ళ కిందట మా ఊరు జూలూరుపాడులో టాకీసు మెట్ల మీద, ఆ వాసన ముక్కుకు తగులుతుండగానే, ఇదే మాట నేను ఒక మనిషిని అన్నాను.

ఆ వాసన సోమ్లా కాక వేళ్ళది. కాక మా తండా మనిషి, టాకీసులో ఆపరేటరు. ఇరవై ఏళ్ళు సినిమాలు ఆడించాడు గాని హాల్లో కుర్చీలో కూర్చొని ఒక్కటీ చూసి ఎరగడు. చూసిందంతా పై గదిలో జానెడు కిటికీలోంచే. ఆదివారం మ్యాట్నీ వదలగానే కిందికి దిగి, టికెట్ల కిటికీ పక్క మెట్ల మీద కూర్చొని సోడా తాగేవాడు. సినిమా చూసి వచ్చిన మేమంతా ఆయన చుట్టూ చేరి కొట్టుకునేవాళ్ళం. ఇంగ్లీషు సూపర్ హీరోల డబ్బింగ్ బొమ్మలంటే మా ఊరికి పిచ్చి. నేనప్పుడు కొత్తగూడెంలో డిగ్రీ చదువుతున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించినవాడి పని అయిపోయినట్టే.

మిషన్ల రొదలో బతికి కాకకు చెవులు మందగించాయని అందరూ అనేవాళ్ళు. ఒకసారి ఎరువుల దుకాణం శీనుకూ నాకూ, గాలిలో ఎగిరే వీరుడు గొప్పా, ఎగరలేని వీరుడు గొప్పా అని వాదం నడిచింది. కాక చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నన్ను అడిగాడు.

"శీనుగాడు ఏమన్నడు బిడ్డా? నాకు వినబడలే."

"ఏదో పిచ్చి మాట అన్నడు కాకా."

"ఆ పిచ్చి మాటే చెప్పరాదు."

చెప్పాను. కాక శీను వైపు తిరిగి, "గదేనారా నువ్వన్నది?" అన్నాడు. శీను కాదన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ కాదన్నాడు. మూడోసారికి గాని వాడి నోట "అవ్, గదే నా మాట" అని రాలేదు. ఆ తర్వాత కాక నా వైపు తిరిగి, "ఇగ నీది చెప్పు" అన్నాడు. అప్పటికి నా కోపం సగం దిగిపోయింది, నా వాదంలో సగం బలం కూడా ఎటో పోయింది. ప్రతి ఆదివారం ఇదే తంతు. అవతలివాడి మాట వాడే ఒప్పుకునేట్టు చెప్పనిదే కాక దగ్గర మన మాటకు వంతు రాదు. ఆయన చెవులు నిక్షేపంగా ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా అందరికీ దేవుడి లాంటి సినిమా మొదటి 'నీలిముసుగు'. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా టాకీసుకు వచ్చింది. అందులో వీరుడు కొండలు పిండి చేస్తాడు, నిప్పు కనిపిస్తే మాత్రం వెనక్కి తగ్గుతాడు. ఎందుకో చెప్పరు. సరిగ్గా ఆఖరి పోరాటానికి ముందు వాడి చిన్నతనం వస్తుంది. వాడి చేతిలోని దీపం జారిపడి ఇల్లు అంటుకుంటుంది, తండ్రి అందులోనే పోతాడు. ఆ కథ అయిన మరుక్షణం వాడు మంటల్లోకి దూకుతాడు. హాలంతా ఏడ్చింది. అంతసేపు ఆ సంగతి దాచిపెట్టిన డైరెక్టరు తెలివిని మేము ఏళ్ళ తరబడి చెప్పుకున్నాం.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా అదే కథను కొత్తగా తీసిన సినిమా వచ్చింది. అందులో చిన్నతనం మొదట్లోనే చెప్పేశారు. మెట్ల మీద నేను నిప్పులు కక్కాను. కొత్తవాడికి కథ చెప్పడం రాదన్నాను. అందరూ అవునన్నారు. పద్మ ఒక్కతే ఒప్పుకోలేదు, వాడి భయం మనకు ముందే తెలియడమే బాగుందంది. పద్మ నాన్న పత్తి వ్యాపారం కోసం మధిర నుంచి ఆ ఏడే మా ఊరికి మకాం మార్చాడు. కాలేజీ బస్సులో ఆమె రోజూ నా పక్కనే కూర్చునేది. ఆ ఊళ్ళో ఆమెకున్న ఒకే ఒక్క స్నేహితురాలిని నేను.

"పాతదాంట్లో కూడా చిన్నప్పటి కథ మొదట్లోనే ఉంది కదా జ్యోతీ. నేను మధిరలో చూశాను" అంది పద్మ.

శీను పకపకా నవ్వాడు. ఊరు ఊరంతా కళ్ళారా చూసిన సినిమా అది.

"నువ్వసలు ఆ సినిమా చూడనే లేదు. చూసినట్టు అబద్ధం చెప్తున్నవ్" అన్నాను.

"అబద్ధం నేనెందుకు చెప్తాను?" అంది పద్మ. ఆమె మొహం ఎర్రబడింది. కాక ఆ రోజు "పద్మ ఏమన్నది?" అని నన్ను అడగలేదు. సోడా సగంలో వదిలేసి పైకి వెళ్ళిపోయాడు. ఆయన కూడా నా పక్షమే అనుకొని నేను ఇంకా రెచ్చిపోయాను.

ఆ వారం మా ఊళ్ళో కొత్త మాట పుట్టింది. ఎవరైనా నమ్మలేని సంగతి చెబితే, "ఏంది, మధిర సినిమానా?" అనేవాళ్ళు. కిరాణా కొట్లో అన్నారు, బస్సులోనూ అన్నారు. పద్మ నా పక్కన కూర్చోవడం మానేసి డ్రైవరు వెనక నిలబడి వెళ్ళేది. శుక్రవారం నుంచి బస్సే ఎక్కలేదు. మధిరలో మేనత్త దగ్గరుండి చదువుకుంటానని ఇంట్లో పట్టుబట్టిందని తెలిసింది. నాకు గుండెల్లో కలుక్కుమంది, నిజం. కానీ నిజం నా వైపుందని నా నమ్మకం. నిజం మన వైపుంటే జాలి కూడా పడక్కర్లేదని ఆ వయసులో అనుకుంటాం.

తర్వాతి ఆదివారం మ్యాట్నీ వదిలాక కాక కిందికి దిగి, కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"ఆ పిల్ల చెప్పింది నిజం. పాత సినిమాల చిన్నప్పటి కథ రెండో రీల్ల ఉంటది. మొదటి ఆటకే ఆ రీలు తెగింది. ఒక్క చోట కాదు, శానా చోట్ల. జనం కుర్చీలు ఇరగ్గొడుతున్నరు. నేను మూడో రీలు ఎక్కించిన. తెగిందాన్ని అతికించేసరికి ఇగ ఆఖరి రీలే మిగిలింది. దానికి ముందు ఏసిన."

"మరి తెల్లారి సరిచేయకపోతివి?" అన్నాడు శీను.

కాక తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "జనం ఏడ్చిండ్రు కదరా. కిటికీలకెళ్ళి చూసిన. నా చేతుల మీద ఒక సినిమా గట్ల ఆడింది. సరిచేయబుద్ధి కాలే. ఆడినన్ని దినాలు గట్లనే ఏసిన. మీరు ఇన్నేండ్లు మెచ్చుకుంటుంటే నన్నే మెచ్చుకున్నట్టు సంబరపడ్డ. పోయిన వారమే చెప్పాల్సింది. నోరు రాలే."

ఆయన నా వైపు తిరిగాడు.

"అబద్ధం అనే ముందు, ఏ ఊర్ల చూసినవ్, ఆడ ఎట్లుంది అని అడగాల్సింది బిడ్డా. అడిగితే ఆమె చెప్పేది. నేను దొరికిపోయేటోణ్ణి, గంతే."

సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది. కాక మీద కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది, కొంత నెపం ఆయన మీదికి తోసేయవచ్చు. ఆ వారంతో 'మధిర సినిమా' అన్న మాట ఊళ్ళో చచ్చిపోయింది. దాని బదులు ఆయనకు 'ఉల్టా రీలు కాక' అని పేరు పడింది. కరెంటు పోయినా, పాట మధ్యలో ఆగినా, హాల్లోంచి "ఉల్టా రీలు" అని అరుపులు. టాకీసు ఓనరు కూడా నలుగురిలో తిట్టాడట. కాక ఆ పేరును తీసేసిన చొక్కాలా భుజాన వేసుకొని తిరిగాడు. ఒక ఆడపిల్ల మీద పడ్డ మాటను తన మీదికి తిప్పుకున్నానని ఒక్కనాడూ ఎవరికీ చెప్పుకోలేదు.

సోమవారం పొద్దున్నే పద్మ ఇంటికి వెళ్ళాను. క్షమించమంటే వినలేదు. "నేనేమన్నానో ముందు చెప్పు" అంది. ఆమె కూడా కాక శిష్యురాలే మరి. కొత్త సినిమాలో వీరుడి భయం మనకు మొదటి నుంచీ తెలుసు కాబట్టి, వాడు ప్రతిసారీ నిప్పు దగ్గరికి వెళ్తుంటే మనం ప్రాణాలు ఉగ్గబట్టుకొని చూస్తాం, అదీ నీ మాట అన్నాను. అది కూడా మూడో ప్రయత్నంలోనే కుదిరింది. "అవును, అదే" అంది పద్మ, కళ్ళు తుడుచుకుంటూ. ఆ రోజు ఇద్దరం కలిసే బస్సెక్కాం.

నాకు ఖమ్మంలో టీచరు ఉద్యోగం వచ్చాక, ఒకనాడు టీవీలో పాత 'నీలిముసుగు' వేశారు. మొదటిసారి దాన్ని సరైన వరుసలో చూశాను. అయిపోగానే కాకకు ఫోన్ చేశాను. అప్పటికి టాకీసు మూతపడింది, ఆయన తండాలో మిరప వేసుకుంటున్నాడు.

"ఎట్లుంది?" అన్నాడు కాక. గొంతులో భయం తెలుస్తూనే ఉంది.

ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే మొదలుపెట్టాను. డైరెక్టరు వరుసలో ఏమేం బాగున్నాయో ఒక్కొక్కటే చెప్పాను. ఒక్కోదానికీ "అవ్, అవ్" అన్నాడు. అంతా అయ్యాక, "ఇగ నీది చెప్పు" అన్నాడు.

"నీ వరుసే బాగుంది కాకా."

కాక మెల్లగా, "పద్మకు చెప్పకు బిడ్డా, మళ్ళ కొట్లాటయితది" అన్నాడు.

కాక పోయి రెండేళ్ళయింది. పద్మకు నేను ఇప్పటికీ చెప్పలేదు. బడిలో ఇద్దరు పిల్లలు తగువుతో నా దగ్గరికి వస్తే, నేను కూడా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటాను. నాకు వినబడలేదు, వాడేమన్నాడో నువ్వు చెప్పు అంటాను. జ్యోతి టీచరుకు చెవుడని బడిలో పేరు పడింది. కాకకు పడ్డ పేరు ముందు ఇదెంత.

నిన్న హారిక ఫోను నా వైపు చాపి, "పంపేదా పిన్నీ?" అంది.

"ఆగు. ఆ పిల్ల ఏ ఊర్ల చూసిందో అడిగినవా?" అన్నాను.

నాకు మతి పోయిందన్నట్టు చూసింది. కాసేపయ్యాక రాసిందంతా చెరిపేసి, ఆ ప్రశ్న టైపు చేయడం మొదలుపెట్టింది. నేను గోళ్ళరంగు తుడిచే మందు సీసా మూత బిగించబోయి, ఇంకాసేపు అలాగే వదిలేశాను.