బొమ్మలో గొర్రెలు

పిల్లల కోసం నా మొదటి పుస్తకం రాస్తూ, బొమ్మలు కూడా నేనే వేసుకుంటున్న రోజులవి. మడకశిర బస్సులో కూర్చుని పెన్సిలుతో గొర్రెల మందను గీస్తున్నాను. పక్క సీట్లో ఉన్న నడివయసు ఆమె చాలాసేపు చూసింది.

“ఇంత బలిసిన గొర్రెలు యాడుండాయమ్మా? రెండేండ్లాయ వాన పడక. మా గొర్రెలకు పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు.”

“అట్ల గీస్తే పిల్లోళ్లు భయపడతారక్కా,” అన్నాను.

“మా పాప బతికినన్ని దినాలూ అట్లాటి గొర్రెల్నే చూసింది. వాటితోనే ఆడుకునింది. యానాడూ బయపడలేదు.”

ఆ పాపకు ఏమైందని అడగలేకపోయాను. తర్వాతి ఊళ్లో ఆమె దిగిపోయింది. బస్సు కదిలాక రబ్బరు తీసి గొర్రెల పొట్టలు చెరిపేశాను. ఒక్కొక్కదానికీ ఎముకలు గీయడం మొదలుపెట్టాను.