ఎదురుకాళ్లతో పుట్టినందుకు

నేను ఎదురుకాళ్లతో పుట్టానని కేసముద్రంలో మా వీధికంతా తెలుసు. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుము సర్దుకుంటుందని ఇక్కడి నమ్మకం. పంతులమ్మగా పనిచేసిన నేను ఏనాడూ ఎవరి నడుము మీదా కాలు పెట్టలేదు.

ఈ రోజు పొద్దున మార్కెట్ హమాలీ వీరన్నను భార్య సోమక్క మా ఇంటికి నడిపించుకొచ్చింది. నడుము పట్టేసి మనిషి ఒక పక్కకు ఒరిగిపోయాడు.

"అవ్వా, జర తొక్కు. తెలంగాణ బంద్‌ల బస్సుల్లేవు, రైళ్లు లేవు. దవాఖానకు ఎట్ల పోవాలె?" అంది.

అతని ఎడమకాలి చెప్పు గేటు దగ్గరే జారిపోయింది. అది అతనికి తెలియనే లేదు. అడిగితే, "కాలు నిన్నటిసంది మొద్దుబారింది అవ్వా" అన్నాడు.

వెన్నుపూసల దగ్గర నరం నలుగుతున్నట్టుందని, ఇప్పుడు తొక్కితే కాలే పడిపోవచ్చని చెప్పాను. బంద్ కోసం రోడ్డు మీద కూర్చున్న పిల్లలు దవాఖానకు పోయే ఆటోను ఆపరని కూడా చెప్పాను.

సోమక్క మండిపడింది. "కాలు పెట్టుమంటె గింత చదువు చెప్పవడితివి! రేపు తెలంగాణ అచ్చినంక గూడ గరీబోళ్లకు గిదే జవాబా?"

అని భర్తను నడిపించుకుని వెళ్లిపోయింది. వాళ్ల వెనకాలే ఆటో పంపాను. అది ఖాళీగా తిరిగొచ్చింది. "పక్క వాడల ఇంకొకామెతోని తొక్కిచ్చుకున్నడట అవ్వా. పండుకున్నడు, లేపద్దన్నరు" అన్నాడు ఆటో అతను.

చెప్పు ఇంకా మా గేటు దగ్గరే ఉంది. ఊరికే కాలు ఆనించి, తొక్కినట్టు నటించి ఆటో ఎక్కించి ఉంటే నా మాట వినేవారేమో. మీరైతే ఏం చేసేవారు?